కప్ప, పురుగు, న్యాయము

పురుగును కప్ప తినుట లోకమెరిగిన విషయము. ఇజ్రాయెల్ దేశమున ఎపోమిస్ అను పెంకుపురుగు పిల్ల ఈ క్రమమును తలక్రిందులు చేయును. 2011లో అచటి శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశీలనము ననుసరించి, అది తన మీసములను, దవడలను ఆడించి కప్పకు ఆశ గొల్పును. కప్ప మీదికి ఉరికినంతనే తప్పించుకొని, దాని మేనిని కరచిపట్టి, సారము పీల్చి, తుదకు భక్షించును.

ఇది వినగానే, బలహీనునకు న్యాయము జరిగినదని మన మనస్సు ఒకింత సంతసించును. కాని ఆ పురుగు పగ తీర్చుకొనుట లేదు; ఆకలి తీర్చుకొనుచున్నది. చచ్చిన కప్పయు ఏ అపరాధము నెరుగదు. పాత్రలు తారుమారైనంత మాత్రమున ధర్మము పుట్టదు. నిన్నటి పీడితుడు నేడు పీడకుడైనచో, లోకమున పీడనము అట్లే నిలిచియుండును. పురుగునకు వేరు త్రోవ లేదు. తన ఆకలికి తానే హద్దు గీచుకొనగల మానవునకు కలదు. అతని బాధ్యతయు అచటనే మొదలగును.