గోడౌన్‌లో లైటు, శ్రావకుడి వ్రతం

మనిషి లేని గోడౌన్‌లో లైటు వెలుగుతుంటే కొట్టు యజమాని కరెంటు బిల్లు తలచుకుని గొణుక్కుంటాడు. జైన ధర్మం లెక్కలో అది పాపం కూడా. గృహస్థులకు, అంటే శ్రావకులకు, ఆ ధర్మం విధించిన పన్నెండు వ్రతాల్లో ఒకటి అనర్థదండ విరమణం: ప్రయోజనం లేని హింసను మానుకోవడం. సమంతభద్రాచార్యుడి ‘రత్నకరండ శ్రావకాచారం’ ఊరికే నేల తవ్వడాన్నీ, ఊరికే నిప్పు రాజేయడాన్నీ ఆ అనర్థాల్లోనే చేర్చింది. నిప్పులోనూ జీవులుంటాయని జైనుల విశ్వాసం మరి. కరెంటు దీపం ఆ నిప్పు కిందికి వస్తుందా, రాదా? సాధువులే ఇప్పటికీ ఒక మాట మీద లేరు. లైటూ మైకూ ముట్టనివారున్నారు, ఫర్వాలేదనేవారూ ఉన్నారు.

వ్యాపారికి ఆ తగవు తేలేదాకా ఆగే తీరిక లేదు. అతనికి పనికొచ్చేది వ్రతం అడిగే ప్రశ్న: ఈ దీపం దేనికి?

బంగారం కొట్టునే తీసుకుందాం. 50 వాట్ల హాలోజెన్‌లు 50 ఉండి, రోజుకు 10 గంటలు వెలిగితే 25 యూనిట్లు. వాటి చోట 7 వాట్ల ఎల్‌ఈడీలు పెడితే మూడున్నర. వేడి తగ్గి ఏసీ కూడా కాస్త తెరిపిన పడుతుంది. బుద్ధి దారి తప్పేది ఇక్కడే. ఎలాగూ చవకే కదా అని సీలింగంతా 150 బిగిస్తే మళ్లీ పదిన్నర! ఆవిరి యంత్రాలు బొగ్గును పొదుపుగా వాడేకొద్దీ బొగ్గు వాడకం పెరుగుతుందని ఆర్థికవేత్త స్టాన్లీ జెవన్స్ ఇంగ్లండ్‌లో 1865లోనే హెచ్చరించాడు. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్న ఎల్‌ఈడీ బల్బు 2014లో 310 రూపాయలు, 2016కల్లా 38. ధర పెట్టిన అదుపు పోయింది. ఇక మనసే పెట్టుకోవాలి.

అలాగని చీకట్లో బేరాలాడమని ఏ వ్రతమూ చెప్పదు. చీరల కొట్లో ‘ఒక్కసారి వెలుతుర్లో చూపించండి’ అని ఆడవాళ్లు అడగడం, సేల్స్‌మ్యాన్ చీర భుజాన వేసుకుని గుమ్మం దాకా నడవడం ఊరూరా ఉన్నదే. నాసిరకం దీపం కింద నలుపనిపించిన నేరేడు రంగు ఎండ తగలగానే తేలుతుంది. రంగును ఉన్నదున్నట్టు చూపే దీపానికి ధర ఎక్కువ, కరెంటూ ఓ పిసరు ఎక్కువే. అయినా అక్కడ కక్కుర్తి పడితే కొనేవాళ్లను మోసగించినట్టే. ఆ వెలుగుకు అర్థం ఉంది.

మెట్ల దగ్గర, స్టోర్‌రూమ్‌లో సెన్సర్ పెడితే లైటు తనంతట తానే ఆరిపోతుంది. మరి ఆ పుణ్యం ఎవరిది? వ్రతం కోరేది మనిషి మెలకువను. సెన్సర్‌కు అది లేదు. కానీ దాన్ని పెట్టించిన రోజున యజమాని మెలకువగానే ఉన్నాడు, ఆ మేరకు అతనిదే. లోపల అంత జాగ్రత్తపడ్డవాడు బయట బోర్డును తెల్లవార్లూ వెలిగించడమే అంతుపట్టదు. దొంగల భయమంటాడా, షట్టర్ మీద ఒక్క దీపం చాలు. ప్రచారమంటాడా, రాత్రి రెండింటికి ఆ వీధిలో కొనేవాడెవడు?