కొంగుముడి

మార్గశిరం వచ్చిందంటే మా విశాఖలో గురువారాలకి వేరే కళ వస్తుంది. బురుజుపేట సందుల్లో తెల్లవారకుండానే వరసలు కడతారు. కనకమహాలక్ష్మి అమ్మవారు సిరులిచ్చే తల్లి గానీ ఆవిడ తలమీద మాత్రం కప్పు లేదు. ఎండకి ఎండుతూ, వానకి తడుస్తూ ఆరుబయటే కూర్చుంటుంది. ఎవరి పసుపు కుంకుమలు వాళ్ళే తమ చేత్తో ఇచ్చుకుని వస్తారు. ఈ వారం ఆవిడ గురించి రాయాలని మూడు రోజులుగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను. రేపు పొద్దున్న పదింటికల్లా వ్యాసం అందాలి. సాయంత్రం దాకా ఒక్క ముక్క కదల్లేదు. చివరికి మా పై వాటా అమ్మాయి పుణ్యమా అని కదిలింది.

ఆ పిల్ల మెట్ల దగ్గర ఓ పెద్ద సంచీతో ఎదురైంది. ఏమిటమ్మా అంటే, "కొత్తిమీర తెప్పించానండీ పిన్నిగారూ" అంది. కొత్తిమీరకి అంత సంచీయా అన్నాను. "ఒక్క కట్టకైతే డెలివరీ ఛార్జీ పడుతుందండీ. అందుకని చిప్స్, ఫ్లోర్ క్లీనరు, రెండు ఐస్‌క్రీములూ కలిపేశాను. అవి కలిపితే డెలివరీ ఫ్రీ!" అని లెక్క చెప్పింది. ఆ ముఖంలో మిగుల్చుకున్న తృప్తి చూస్తే నోరు మెదపబుద్ధి కాలేదు. మా పెరట్లో కొత్తిమీర మడి ఉందని అప్పుడు చెప్పి ఏం లాభం?

లోపలికొచ్చి కూర్చున్నాక మార్గశిర లక్ష్మివారపు కథ గుర్తొచ్చింది. మీకందరికీ తెలిసిన కథే. మట్టితో లక్ష్మి బొమ్మని చేసుకుని ఆడుకుంటూ పూజించిన పిల్ల అత్తవారింటికి వెళ్ళింది, ఆ పిల్లతోపాటే లక్ష్మీ వెళ్ళిపోయింది. పుట్టింట్లో పొయ్యిలో పిల్లి లేవలేదు. అక్కని చూడ్డానికి తమ్ముడు వస్తే ఆ పిల్ల కర్రని తొలిపించి దాన్నిండా కాసులు పోసి ఇచ్చింది. వాడు దారిలో ఎక్కడో పెట్టి మరిచిపోయాడు. తర్వాత చెప్పుల్లో పెట్టి కుట్టించి ఇచ్చింది, అవీ పోయాయి. ఆ పైన గుమ్మడికాయలో పెట్టి పంపింది. అదీ ఇంటికి చేరలేదు.

ఈ కథ నేను ఏటా చదువుతాను. చదివిన ప్రతిసారీ ఆ కుర్రవాడి మీదే నా మనసు ఆగుతుంది. వాడు జూదమాడలేదు, తాగలేదు, దుబారా చేయలేదు. చేతిలో ఉన్నది డబ్బని వాడికి తెలియదు, అంతే. కర్ర అనుకున్నాడు, కాయ అనుకున్నాడు. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోను ఆ కర్ర లాంటిదే. దాన్నిండా కాసులున్నాయి, కానీ అవి కనపడవు, గలగలమనవు. గీతల చదరం ముందు ఒకసారి చూపిస్తే 'టింగ్' అంటుంది. ఆ తర్వాత నెలాఖరున ఇంటాయన ఇంటావిడని, ఇంటావిడ ఇంటాయనని అడుగుతూ ఉంటారు, "ఎక్కడికి పోయాయి?" అని.

మా మామ్మ డబ్బు కొంగున ముడేసుకునేది. పావలా ఇవ్వాలన్నా ఆ ముడి విప్పాలి. వేళ్ళతో రాకపోతే పంటితో లాగాలి. ఆ కాస్త సేపట్లో ఆవిడ ఎదటివాడి ముఖం చూసేది, వస్తువు చూసేది, ఒక్కోసారి "ఇప్పుడొద్దులేరా" అని మళ్ళీ బిగించేసేది. ఆ ముడి విప్పే సమయమే మనకి కరవైపోయింది. పది నిమిషాల్లో గుమ్మంలోకి సరుకు తెచ్చేవాడు మనకి మిగిల్చేది శ్రమ అనుకుంటున్నాం గానీ, అతను పట్టుకుపోయేది ఆలోచించుకునే వ్యవధి.

ఇలా ఆగి ఖర్చుపెట్టడాన్ని పిసినారితనం అని తీసిపారేసేవాళ్ళున్నారు. అయ్యా, పిసినారికి డబ్బు తప్ప ఏదీ కనపడదు. పొదుపరికి అన్నీ కనపడతాయి. తిరువళ్ళువరు భార్య వాసుకి కథ విన్నారు కదా. భోజనానికి కూర్చున్నప్పుడల్లా పక్కన గిన్నెడు నీళ్ళూ, సూదీ పెట్టమనేవాడట. కింద పడిన మెతుకుని సూదితో తీసి, కడిగి విస్తట్లో వేసుకోవడానికి. జీవితాంతం ఆ సూదితో పని పడలేదు, ఆవిడ వడ్డన అలాంటిది మరి. మెతుకు విలువ లెక్కగట్టి చేసిన పని కాదు అది, అన్నం మీద గౌరవం.

ఆ గౌరవం మన వంటింట్లో నిన్నమొన్నటిదాకా ఉండేది. కందిపప్పు ఓ గంట ముందు నానేస్తే త్వరగా ఉడుకుతుంది, గ్యాసు కలిసొస్తుంది. బియ్యం కడిగిన నీళ్ళు కరివేపాకు మొక్కకి. బీరకాయ కూరకి, దాని తొక్కు పచ్చడికి. పాత బియ్యం ఒదుగుతాయని కొత్త ధాన్యాన్ని గాదెలో మాగనిచ్చేవారు. చింతపండు ఏడాది మొత్తానికి మాఘ ఫాల్గుణాల్లోనే కొని, గింజ తీసి, ఉప్పు పొరలు వేసి జాడీకెత్తేవారు. రాత్రి మిగిలిన అన్నం తరవాణి కుండలోకి వెళ్ళేది. ఇప్పుడు ఫ్రిజ్జులోకి వెళ్తుంది. మూడు రోజులు చలికి వణికి చెత్తబుట్టలో పడుతుంది. పారేసే ముందు మూడు రోజులు దాచడాన్ని మనం జాగ్రత్త అనుకుంటున్నాం!

కంచి పరమాచార్య చంద్రశేఖరేంద్ర సరస్వతీ స్వామి గృహిణులకి ఒక చిన్న పని చెప్పేవారు. రోజూ ఎసట్లో బియ్యం పోసే ముందు పిడికెడు తీసి పక్కన పెట్టమని. అలా ఇంటింటా పోగైనది లేనివాళ్ళ అన్నానికి చేరాలని. ఆ పిడికెడు తగ్గినందుకు ఏ ఇంట్లోనూ ఎవరూ పస్తుండరు. అదే స్వామివారు కాఫీ మానమనీ, పట్టుచీరలు మానమనీ కూడా చెప్పారు. పట్టుపురుగుల హింస ఒక కారణం. కలిగినవాళ్ళు కడితే చూసి లేనివాళ్ళు అప్పు చేసి కొంటారన్న బెంగ ఇంకొకటి. పిడికెడు బియ్యం మాట అందరికీ నచ్చింది. పట్టుచీర మాట దగ్గరికొచ్చేసరికి మనందరికీ చెవుడొచ్చింది. నాక్కూడా, అబద్ధమెందుకు. బీరువాలో ఆరున్నాయి.

కానీ ఈ మధ్య వ్రతాలు చూస్తుంటే నాకే భయమేస్తోంది. వరలక్ష్మీ వ్రతానికి అమ్మవారి వెనక అద్దెకి తెచ్చిన తెర, ప్లాస్టిక్ పూల తోరణం, ఫొటోలు తీసే అబ్బాయి, పేరంటాళ్ళకి 'రిటర్న్ గిఫ్టు'. వాయనం అంటే నానబెట్టిన శనగలూ, తమలపాకులూ, రెండు పళ్ళూ కదమ్మా! వచ్చిన స్టీలు డబ్బాలు ఎక్కడ పెట్టాలో తెలియక వచ్చే ఏడు ఇంకొకరికి ఇచ్చేస్తున్నాం. తల దాచుకోవడానికి కప్పయినా లేని తల్లిని మా ఊళ్ళో కొలుచుకుంటూ, ఇంట్లో ఆవిడకి సెట్టింగు వేయిస్తున్నాం. అందుకోసం వాయిదాల మీద కొనేవాళ్ళు కూడా ఉన్నారు. అదేమంటే, "వెంకన్నకే తప్పలేదు కుబేరుడి అప్పు" అని నవ్వుతారు. స్వామి పెళ్ళికోసం ఒక్కసారే అప్పు చేశాడు నాయనా. వడ్డీ కడుతూనే ఉన్నాడు గానీ పాత అప్పు తీరకుండా మరో అప్పుకి వెళ్ళినట్టు ఏ పురాణంలోనూ లేదు.

చాలామందికి పొదుపంటే డబ్బు మిగిలినవాళ్ళు చేసే పని. అసలు మిగలని ఇళ్ళల్లో ఆడవాళ్ళు చేసి చూపించారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారాకి ఎదురు తిరిగారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. ఆ తర్వాత అదే జిల్లాలో రోజుకో రూపాయి చొప్పున కూడబెట్టుకోవడం మొదలెట్టారు. దానికి పెట్టిన పేరు పొదుపులక్ష్మి. అష్టోత్తరంలో లేని ఆ నామాన్ని నేను మాత్రం చివర్లో నూట తొమ్మిదోదిగా చదువుకుంటాను. శాస్త్రులుగారు వింటే ఏమంటారో తెలియదు.

మళ్ళీ కథలోకి వస్తే, గుమ్మడికాయ కూడా పోయాక తల్లినే పిలిపించి కూతురు వ్రతం చేయించబోయింది. ఒక వారం పిల్లలకి చద్దన్నం పెడుతూ ఆవిడ కూడా ఒక ముద్ద నోట్లో వేసుకుంది. ఇంకో వారం పిల్లలకి తలంటుతూ తనూ నూనె రాసుకుంది. రెండుసార్లూ నియమం తప్పి వ్రతం చెడింది. అంత బీదరికంలోనూ ఆవిడ చేసినవి చిన్న చిన్న పరధ్యానాలే. ఏమీ ముట్టుకోకుండా గోతిలో కూర్చోబెట్టినా పిల్లలు పారేసిన అరటితొక్క అందుకుంది. చివరికి కూతురేం చేసిందో గుర్తుందా? తల్లి కొంగుని తన కొంగుకి ముడేసుకుని తిరిగింది. అప్పుడు నెగ్గింది వ్రతం.

నాకూ అలాంటి ముడి ఒకటి కావాలనిపించి పోయిన నెల నుంచి ఓ పని చేస్తున్నాను. ఫోనులో ఏదైనా కొనబోయి, ఒక రాత్రి ఆగి, పొద్దున్నకి అక్కర్లేదనిపిస్తే ఆ డబ్బు పసుపు గుడ్డలో ముడుపు కడుతున్నాను. ఇప్పటికి అందులో 860 రూపాయలు పడ్డాయి. ఒక స్టీలు జల్లెడ, దిండు గలీబులు, ఇంట్లో రెండున్నా మూడోది కొనబోయిన దోసెల పెనం. ఈ మాట మళ్ళీ మెట్ల దగ్గర ఎదురైనప్పుడు చెబితే పై వాటా అమ్మాయి పకపకా నవ్వింది. రాత్రి భోజనాలయ్యాక మాత్రం మెల్లగా దిగొచ్చి, "పిన్నిగారూ, పసుపు గుడ్డ ముక్క ఇంకోటి ఉందాండీ?" అని అడిగింది. ఇచ్చాను, ఓ కొత్తిమీర కట్ట కూడా.

నా ముడుపు బురుజుపేట చేర్చాలా, మా పనమ్మాయి కూతురి నోటు పుస్తకాలకివ్వాలా అన్నది ఇంకా తేలలేదు. గురువారం పులగం పొయ్యిమీద పెట్టేదాకా టైముంది.