కెమెరా అడిగే ప్రశ్న

వేగాన్ని కొలిచే కెమెరాకు బండి నంబరు దొరుకుతుంది గానీ నడిపినవాడు ఎవరో తెలియదు. అందుకే బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం 172వ సెక్షన్ ఆ పేరు చెప్పమని యజమానినే అడుగుతుంది. చెప్పకపోతే అదే నేరం. ఎవరైనా తన మీద తానే సాక్ష్యం చెప్పాలా అన్నది వాహనదారుల హక్కులు కోరేవారి అభ్యంతరం.

ఓహాలరన్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు దీన్ని స్ట్రాస్‌బర్గ్‌లోని ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానం దాకా తీసుకెళ్లారు. ఫ్రాన్సిస్ కారు 30 మైళ్ల పరిమితి ఉన్నచోట 47 మైళ్ల వేగంతో కెమెరాకు చిక్కింది; ఆయన పేరు చెప్పనన్నాడు. 2007లో 15 మంది న్యాయమూర్తులు ప్రభుత్వాన్ని సమర్థించారు, ఇద్దరు విభేదించారు. కారు ఉంచుకుని నడిపేవారు దానితో వచ్చే బాధ్యతలనూ ఒప్పుకున్నట్టేనని మెజారిటీ తేల్చింది. ప్రాణం తీయగల యంత్రం విషయంలో ఇది న్యాయమైన మాటే. అయితే శిక్ష భయంతో రాబట్టిన జవాబును ఒప్పుకోలు అనడం మాత్రం కష్టం.