ఊపిరి ఎవరి సొత్తు?

మనది అని మనము చెప్పుకొను వస్తువులలో ఊపిరికంటె దగ్గరిది మరియొకటి లేదు. ఇల్లు, పొలము, ధనము పోయినను మనుష్యుడు బ్రతుకవచ్చును. ఊపిరి కొన్ని నిమిషములు ఆగినచో బ్రతుకలేడు. అయినను ఆ ఊపిరి నిజముగా మన సొత్తేనా? ఈ ప్రశ్నను మన ఊపిరితిత్తుల పనిని చూచియే విచారింపవలెను.

మనుష్యుడు దినమునకు 21,600 సార్లు శ్వాసించునని మన యోగశాస్త్రములు లెక్కించినవి. అనగా నిమిషమునకు 15 సార్లు. విశ్రాంతిగా నున్న పెద్దవారి శ్వాస నిమిషమునకు 12 మొదలు 20 వరకు నుండునని నేటి వైద్యులును చెప్పుదురు. ప్రతి శ్వాసతో సుమారు అర లీటరు గాలి లోనికి పోయి, వాయుకోశములను చిన్న బుడగలను చేరును. అట్టివి 30 కోట్లు మొదలు 50 కోట్ల వరకు కలవని అంచనా. ఆ బుడగలోని గాలికిని, దానిని చుట్టిన నాళములోని రక్తమునకును నడుమ గోడ మిల్లీమీటరులో వెయ్యవ వంతుకంటె పలుచన. ప్రాణవాయువు హెచ్చుగానున్న గాలినుండి తక్కువగానున్న రక్తములోనికి పోవును. బొగ్గుపులుసు వాయువు రక్తమునుండి గాలిలోనికి వచ్చును.

పీల్చిన గాలిలో ప్రాణవాయువు నూటికి 21 పాళ్లు. విడిచిన గాలిలో ఇంకను 16 పాళ్లు మిగిలియుండును. కావుననే నీట మునిగి ఊపిరి ఆగినవాని నోట మన నోటి గాలి ఊది బ్రతికింపవచ్చును. ఊపిరి పోయుట అను తెలుగు మాట అక్షరాలా సత్యము. మనము విడిచినది మరియొకరికి ప్రాణము కాగలదు.

అంతమాత్రమున ప్రకృతియే మనకు దయ నేర్పుచున్నదని తొందరపడి చెప్పరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కూడ ఆ సన్నని గోడనే దాటి, రక్తములోని హీమోగ్లోబినును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. అతి సూక్ష్మమైన ధూళియు వాయుకోశములవరకు చేరును. ఇష్టములేని అన్నమును నోరు నిరాకరింపవచ్చును. చుట్టునున్న గాలిని ఊపిరితిత్తులు నిరాకరింపలేవు. పీల్చువానికి లేని ఎంపిక పొగ విడుచువానికి కలదు. ధర్మము అక్కడనే ఆరంభమగును.

2013 జూన్ నెలలో సుమత్రా దీవిలో భూములు బాగుచేసికొనుటకు పెట్టిన మంటల పొగ మలక్కా జలసంధి దాటి మన జొహోరు రాష్ట్రమును క్రమ్మినది. వాయు కాలుష్య సూచి 300 దాటినచో ప్రమాదకరమని లెక్క. మువార్‌లో అది 746కు చేరినది. మువార్, లెడాంగ్ జిల్లాలలో అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి. నా భూమి, నా యిష్టము అని నిప్పు పెట్టినవాడు అనవచ్చును. భూమి అతనిదే కావచ్చును. ఆ పొగ చేరిన పసిబిడ్డల ఊపిరి అతనిది కాదు.

ఇతరులను తప్పుపట్టి ఊరకుండుట చాలదు. అడవులు కొట్టి తోటలు వేసిన మన పూర్వీకులు పొగయు ధూళియు తమ యిష్టముచే పీల్చినవారు కారు. కూలి ఒప్పందము వారికి ఎంపిక నీయలేదు. వారి సంతతియైన మనకు నేడు ఎంపిక కలదు. ఇంటి వెనుక చెత్త కాల్చునపుడు, బిడ్డ ప్రక్కన సిగరెట్టు వెలిగించునపుడు, భజన మందిరములో తలుపులు మూసి సాంబ్రాణి పొగ నింపునపుడు, ఉబ్బసముతో బాధపడు అవ్వ ఒకతె ఆ మూలనే కూర్చుండియున్నదేమో తలపవలెను. పూజ మానుమని కాదు, కిటికీ తెరవుమని.

ఎంత ధనవంతుడైనను ఒక్క శ్వాసను రేపటికి దాచుకొనలేడు. పీల్చినదానిని విడువక తప్పదు. కావున ఊపిరి మన సొత్తు కాదు, కొన్ని క్షణములు మనలో నిలిచిపోవు ఉమ్మడి ధనము. మన తరువాత దానిని పీల్చువారికి అది ఎట్లు చేరుననునదియే మన బాధ్యత. ఎల్లరి ఊపిరియు సుఖముగా సాగుగాక.