ఇచ్చినవాడు లేని ఋణము



మన పల్లెలలో అప్పునకు ఒక మర్యాద కలదు. పొరుగింటినుండి చేబదులుగా తెచ్చిన మానెడు బియ్యమును కోతలు కాగానే నిండుగా కొలిచి తిరిగి యిచ్చెదము. మన యింటి పెండ్లిలో ఒకరు చదివించినదానిని జ్ఞాపకముంచుకొని, వారి యింటి పెండ్లిలో మరల చదివించెదము. ఇట్లు తీర్చినప్పుడే మనస్సు తేలికపడును. తీర్చలేనివాడు అప్పిచ్చినవాని వీధి తప్పించుకొని నడచును.

అయితే ఇచ్చినవాడు మరణించెననుకొనుడి. వాని పేరైనను మనకు తెలియదు. పుచ్చుకొనినదో, మన రొమ్ములోపల రేయింబవళ్లు కొట్టుకొనుచున్నది. అట్టి ఋణమును ఏలాగు తీర్చగలము? గుండె మార్పిడి చేయించుకొని, మొదటి వారములలో కోలుకొనుచున్నవారిలో అనేకులు ఈ ప్రశ్నతో రాత్రులు మేలుకొందురు. ఇది వారి ప్రశ్న మాత్రమేనా? కలిసి యోచింతము.

ఈ చికిత్స మొట్టమొదట దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరమున, గ్రూట్ షూర్ ఆసుపత్రిలో ఒక మనుష్యుని గుండెతో మరియొక మనుష్యునికి జరిగెను. 1967 డిసెంబరు 2వ తేదీన డెనిస్ డార్వాల్ అను 25 ఏండ్ల యువతిని, ఆమె తల్లిని, రోడ్డు దాటుచుండగా మోటారుకారు ఢీకొనెను. తల్లి అక్కడనే మరణించెను. కుమార్తె మెదడు తిరిగి కోలుకొనరాని దెబ్బ తినెను. ఒక్క దినముననే భార్యను కుమార్తెను పోగొట్టుకొనిన ఆ తండ్రియొద్దకు వైద్యులు వచ్చి, ఆమె గుండెను వేరొకనికి ఇచ్చెదరా అని అడిగిరి. ఆయన కొద్ది నిమిషములు యోచించి సమ్మతించెను. మరునాడు డాక్టరు క్రిస్టియాన్ బర్నార్డు ఆ గుండెను లూయీ వాష్కాన్‌స్కీ అను కిరాణా వర్తకునికి అమర్చెను. ఆయన 18 దినములు జీవించి న్యుమోనియా చేత మరణించెను. గుండె కడవరకు చక్కగా కొట్టుకొనెను గాని, దానిని దేహము త్రోసివేయకుండునట్లు ఇచ్చిన మందులు రోగములను ఎదిరించు శక్తిని తగ్గించివేసినవి.

మన దేశములో 1994 ఆగస్టు 3వ తేదీన ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో ఈ చికిత్స మొదటిసారి జయప్రదముగా జరిగెను. చేసినవారు రాజమండ్రిలో పుట్టిన మన డాక్టరు పనంగిపల్లి వేణుగోపాల్. ఇప్పుడు మందులు మెరుగుపడినవి. గుండె మార్పిడి పొందినవారిలో అనేకులు పది సంవత్సరములకు మించి జీవించుచున్నారు.

అయినను మొదటి వారములు సులభమైనవి కావు. కోసిన రొమ్ము ఎముకను తీగెలతో బిగింతురు. అది బాగుగా అతుకుటకు రెండు మూడు నెలలు పట్టును. అందాక నీళ్లబిందె నెత్తరాదు, బిడ్డను చంకనెత్తుకొనరాదు. దగ్గు వచ్చినప్పుడు తలగడను రొమ్మునకు హత్తుకొని దగ్గవలెను. ఉదయము ఏ గంటకు మందు మ్రింగిరో, రాత్రియు ఆ గంటకే మ్రింగవలెను. ఆ మందులలో ఒకటి చేతులను వణకించును. ఒకటి ముఖమును ఉబ్బించి, నిద్రను చెరిపి, కారణము లేకయే కన్నీరు తెప్పించును. పచ్చికూరలు కూడవు, కాచిన నీరే త్రాగవలెను. పంపరపనస కొన్ని మందుల బలమును మార్చును గనుక ముట్టరాదు. పెంటకుప్పలకును బూజుపట్టిన గడ్డివాములకును దూరముగా నుండవలెను. మొదటి నెలలో తరచుగా వారమునకొకసారి మెడలోని రక్తనాళము గుండ సన్నని సాధనమును గుండెలోనికి పంపి, ఆవగింజంత ముక్కను తీసి, దేహము ఆ గుండెతో పోరాడుచున్నదా అని పరీక్షింతురు.

మరియొక వింత కలదు. గుండెను తీయునప్పుడు దానికి చేరియున్న నరములు తెగిపోవును. కాబట్టి కొత్త గుండె ఊరకున్నప్పుడును నిమిషమునకు 90 నుండి 110 సార్లు కొట్టుకొనును. రోగి లేచి నడిచిన వెంటనే అది వేగము పుంజుకొనదు. రక్తములోని రసాయనములు వచ్చి చెప్పువరకు కొన్ని నిమిషములు ఆలస్యము చేయును. అందుచేత మెల్లగా నడక మొదలుపెట్టి మెల్లగానే ముగింపవలెనని నేర్పుదురు. యజమానుడు మారిన ఎద్దు మొదటి దినములలో కొత్త కాపువాని కేకకు వెంటనే కదలదు. ఓర్చుకొని, దాని నడకను ఎరిగి తోలుకొనవలెను. ఇదియు అట్టిదే.

ఇక రాత్రి వేళ రోగిని బాధించు ప్రశ్నలకు వత్తము. మొదటిది యిది: "గుండె దొరకవలెనని నేను నెలల తరబడి ప్రార్థించితిని. అనగా మరియొకడు చావవలెనని ప్రార్థించితినా?"

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. దానిని అడుగు మనస్సు మంచి మనస్సు. అయితే విచారింపుడి. దాత మరణమునకు కారణము రోగి కోరిక కాదు. రోడ్డు, వాహనము, మెదడులో చిట్లిన రక్తనాళము. రోగి కోరినను కోరకున్నను ఆ మరణము వచ్చియుండును. చట్టము సహితము ఈ రెంటిని వేరుపరచినది. మన దేశమున 1994లో చేయబడిన చట్టము ప్రకారము, మెదడు మరణించినదని నలుగురు వైద్యులు ధ్రువపరచవలెను. పరీక్షలను కనీసము 6 గంటల యెడముతో రెండుమారులు చేయవలెను. గుండెను మార్చు వైద్యులు ఆ నలుగురిలో ఉండరాదు. రోగి కోరినది మరణము కాదు. మరణము వచ్చినయెడల అది వ్యర్థము కాకూడదని మాత్రమే కోరెను. వడగండ్లకు పంట నేలవ్రాలినప్పుడు రాలిన గింజలను ఏరుకొను పేదరాలు వడగండ్లను పిలిచినది కాదు.

రెండవ ప్రశ్న: "వాడు యౌవనస్థుడు, నేను ముసలివాడను. నేను బ్రతుకుట న్యాయమా?" దీనికి ఉత్తరము వెదకుటయే వ్యర్థశ్రమ. వైద్యులు ఎవరి యోగ్యతను తూచలేదు. రక్తపు వర్గము, దేహపు కొలత, రోగపు తీవ్రత, వేచియున్న కాలము చూచిరి. తీసిన గుండె సుమారు 4 గంటలలో మరల కొట్టుకొనవలెను గనుక దూరమును చూచిరి. నీవు యోగ్యుడవని నీకు రాలేదు. అయోగ్యుడవని తిరిగి యిచ్చివేయుటకును వీలులేదు. యోగ్యతచేత వచ్చినది కూలి. యోగ్యత చూడక వచ్చినది దానము. దానమును పుచ్చుకొనుటకు కూలి పుచ్చుకొనుటకంటె ఎక్కువ వినయము కావలెను.

మూడవది: "ఇక నేను నేనేనా?" ఇచ్చట మన తెలుగుభాష మనకు సహాయము చేయుచున్నది. కొట్టుకొను మాంసమును గుండె అందుము. ప్రేమించునది, పశ్చాత్తాపపడునది హృదయమందుము. వైద్యుడు మార్చినది గుండెను. హృదయము మార్చుకొనుట రోగి పని. మన అందరి పనియు అదియే.

ఈ సంగతికి కేప్‌టౌన్‌లోనే ఒక గొప్ప సాక్ష్యము కలదు. ఆ కాలమున అక్కడ తెల్లవారికిని ఇతరులకును ఆసుపత్రి గదులు వేరు, సముద్రపు ఒడ్డులు వేరు. డెనిస్ డార్వాల్ తెల్లజాతి యువతి. ఆమె మూత్రపిండమును శ్వేతేతరుడైన పదేండ్ల బాలునికి అమర్చిరి. తరువాత నెల గడువకమునుపే, 1968 జనవరి 2న, క్లైవ్ హాప్ట్ అను 24 ఏండ్ల శ్వేతేతర యువకుని గుండె, ఫిలిప్ బ్లైబర్గ్ అను తెల్లజాతి దంతవైద్యునికి అమర్చబడెను. బ్లైబర్గ్ 74 దినములు ఆసుపత్రిలో నుండి, మార్చి 16న ఇంటికి వెళ్లి, మొత్తము 19 నెలలకు పైగా జీవించెను. హాప్ట్ బ్రతికియుండగా ప్రవేశింపకూడని స్థలములలో ఆయన గుండె ప్రవేశించెను! రొమ్ములోపల ఏ అడ్డును లేదు. అడ్డు చట్టములోను మనుష్యుల తలంపులోను ఉండెను. ఆ చట్టములను ఎత్తివేయుటకు ఇంకను ఇరువది సంవత్సరములకు పైగా పట్టెను.

చదువరీ, దూరదేశపువారిని తీర్పు తీర్చుట సులభము. ఆసుపత్రిలో మనకు ఎక్కించిన రక్తపుసీసా ఏ పేటనుండి వచ్చినదని మనము అడిగితిమా? కోలుకొని యింటికి వచ్చిన తరువాత, ఆ పేటవాడు మన పంచలోనికి వచ్చినయెడల కుర్చీ వేయుచున్నామా? కొత్త గుండెను శత్రువని యెంచి త్రోసివేయు దేహమునకు జీవితాంతము మందు వేయవలసియున్నది. త్రోసివేయు మనస్సునకును ప్రతిదినము అట్టి మందే కావలెను. ఒక్క మారు మ్రింగి మానివేసిన పనిచేయదు.

అట్లయిన ఋణమును తీర్చుట యెట్లు? ఇచ్చినవానికి తీర్చలేము, వాడు లేడు. అవయవములు ఇచ్చినవారి పేరును పుచ్చుకొనినవారికి సాధారణముగా చెప్పరు గనుక, వాని యింటివారికిని తీర్చలేము. మిగిలిన మార్గములు రెండే. ఒకటి, పుచ్చుకొనినదానిని భద్రముగా కాపాడుట. గంట తప్పక మందు మ్రింగుట, మూతికి గుడ్డ కట్టుకొనుట, కాచిన నీరే త్రాగుట పిరికితనము కాదు, స్వార్థమును కాదు. ఒక తల్లి ఏడ్చుచు ఇచ్చినదానిని పారవేయకుండుట. రెండవది, పొందిన మేలును ముందునకు సాగనిచ్చుట.

ఆలోచించినయెడల మనమందరము ఇట్టి ఋణస్థులమే. మన ఊరి చెరువును త్రవ్వినవారి పేర్లు మనకు తెలియవు. మనము పులుసు కాచుకొను చింతపండు తాతలు నాటిన చెట్టుది. వారికి మనము ఏమియు తీర్చలేదు. చెరువుగట్టు తెగకుండ చూచుటయు, మరియొక చింతమొక్క నాటుటయు మాత్రమే మన చేతిలో నున్నవి.

కనుక ఒక మాట మీ యింట మాట్లాడుకొనుడి. తెలుగునాట 2013 నుండి జీవన్‌దాన్ అను ప్రభుత్వ పథకము ద్వారా అవయవదానము జరుగుచున్నది. మోటారుసైకిలు ప్రమాదములో తలకు దెబ్బ తగిలిన మన కుమారునిగూర్చి, ఒక రాత్రివేళ పట్టణపు ఆసుపత్రిలో ఎవరైన మనలను అడుగవచ్చును. ఆ గడియ ఎవ్వరికిని రాకుండును గాక! వచ్చినయెడల, ఏమి చెప్పవలెనో అప్పటికప్పుడు తోచదు. దేహమును కోయుట అవమానమని కొందరు వెనుదీయుదురు. అవయవములు తీసిన పిమ్మట దేహమును మర్యాదగా కుట్టి, సమాధి చేయుటకు మనకే అప్పగింతురు. మంటిలో కలియవలసిన గుండె ఇంకొక తల్లి యింటిలో కొట్టుకొనుట అవమానమా? దీపము వెలుగుచున్న యిప్పుడే, భోజనము ముగించి అందరు కూర్చున్న వేళ, నిదానముగా దీనిని మాట్లాడుకొనుడి.