విడిగా ఉన్నామని ఎవరి లెక్క ప్రకారం?

మన దేశంలో ఆదాయపు పన్ను కట్టే ఆడదానికి ఒక చిక్కు మాత్రం లేదు. మొగుడితో ఉన్నా, విడిపోయినా ఎవరి లెక్క వాళ్లదే. భార్యాభర్తలు కలిసి ఒకే పత్రం దాఖలు చేసే ఏర్పాటు మన చట్టంలో లేదు. పాన్ కార్డు మీద కూడా మామూలుగా పడేది తండ్రి పేరే గానీ మొగుడి పేరు కాదు. (తల్లి ఒక్కతే పెంచిన బిడ్డకు తండ్రి పేరు తప్పనిసరి కాదని ఒప్పుకోవడానికి ప్రభుత్వానికి 2018 దాకా పట్టింది. అది వేరే కథ.)

అమెరికాలో అలా కాదు. 1948 నుంచీ అక్కడ ఆలుమగలిద్దరి ఆదాయాన్నీ కలిపి, సగం సగం అన్నట్టు లెక్కగట్టి పన్ను వేస్తున్నారు. డిసెంబరు 31 నాటికి కోర్టు తీర్పు చేతికి రాకపోతే ఆ ఏడాదంతా పెళ్లయినవాళ్ల కిందే జమ. కలిసి దాఖలు చేస్తున్నావా, విడిగానా, లేక నువ్వే 'ఇంటిపెద్ద'వా అని కాగితం అడుగుతుంది. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి.

ఇడుపులపాయలో కూర్చున్న నాకెందుకీ గోల అంటే, మా అక్క కూతురు న్యూజెర్సీ నుంచి అడిగింది: "నేనేమని రాయాల చిన్నమ్మా? మేం కలిసున్నట్టా, లేనట్టా?"

ఆగస్టులో బిడ్డను తీసుకుని వేరే అపార్ట్‌మెంటుకు మారింది. విడాకులకు ఇంకా వేయలేదు. కలిసి సంతకం పెడితే పన్ను తగ్గుతుందని అతని పోరు. ప్రొద్దుటూరులో ఉన్న అత్తగారి తరఫు వాళ్లదీ అదే మాట: "సంతకమే కదా, సంసారం చెయ్యమన్నామా?"

ఈ 'సంతకమే కదా' దగ్గరే నేను ఆగిపోయాను.

తగ్గే పన్ను ఎవరిది? అతని జీతం పెద్దది, ఆమెది చిన్నది. కలిపితే అతని ఆదాయంలో కొంత తక్కువ రేటులోకి జారుతుంది. అంటే బిడ్డను చూసుకుంటూ ఆమె తక్కువ సంపాదించడమే అతనికి మిగులు. విడిగా దాఖలు చేస్తే ఆ మిగులు పోతుంది. దానికి 'నీ మొండితనం వల్ల నష్టం' అని పేరు. ఆమెకూ నష్టం లేకపోలేదు. విడిగా దాఖలు చేసిన భార్యకు బిడ్డ డేకేర్ ఖర్చు మీద వచ్చే రాయితీ మామూలుగా దక్కదు. ఇది చిన్న విషయం కాదు, అక్కడ డేకేర్ ఫీజులు తెలిసినవాళ్లకు.

'ఇంటిపెద్ద' గడి ఉంటే ఆ చిక్కు తీరేది. కానీ దానికి ఏడాదిలో చివరి ఆరు నెలలూ భర్త ఆ ఇంట్లో ఉండకూడదు. ఆగస్టులో మారిన మనిషి జూన్‌లోనే మారానని రాయాలి. "రెండు నెలలే కదా, ఎవరు చూస్తారు?" అని స్నేహితులు అన్నారట. నిజానికి ఆ ఇంట్లో ఆమె ఒంటరితనం మొదలై నాలుగేళ్లయింది. మన సుప్రీంకోర్టు 1991లో, సురేష్టాదేవి కేసులో, విడిగా ఉండడమంటే వేర్వేరు ఇళ్లు కాదు, ఆలుమగలుగా బతకకపోవడం అంది. ఒకే కప్పు కిందా విడిగా ఉండొచ్చంది. ఆ లెక్కన మా పిల్ల ఎప్పుడో ఇంటిపెద్ద. అమెరికా పన్నుల శాఖ మాత్రం మనసును కాదు, కప్పును లెక్కపెడుతుంది. అయినా జూన్ అని రాయొద్దనే చెప్పాను. మనకు జరిగిన అన్యాయం నిజమే అయినా, తేదీ మార్చినంత మాత్రాన అది రుజువు కాదు. పైగా రేపు కోర్టులో ఆ ఒక్క తేదీయే పట్టుకుని మిగతాదంతా అబద్ధమంటారు.

మరి కలిసి సంతకం పెట్టడం అబద్ధమా? చట్టం ప్రకారం కాదు, వాళ్లింకా ఆలుమగలే. నాకు పట్టింది సత్యం సంగతి కాదు, పూచీ సంగతి. ఆ కాగితం మీద ఇద్దరూ సంతకం పెడితే మొత్తం పన్నుకు ఒక్కొక్కరూ పూర్తిగా బాధ్యులు. అతను దాచిన ఆదాయానికి పన్నూ జరిమానా విడాకులయ్యాక కూడా ఆమె దగ్గర వసూలు చేయొచ్చు. నాకు తెలియదని రుజువు చేసుకుంటే ఊరటనిచ్చే నిబంధన ఉంది, కానీ ఆ రుజువు భారం ఆమెదే. అతనికి స్నేహితులతో ఏదో వ్యాపారంలో వాటా ఉంది, ఆ పుస్తకాలు ఆమె ఎన్నడూ చూడలేదు. చూడనివ్వని లెక్కకు పూచీ పడమనడం పితృస్వామ్యానికి పాత అలవాటే. అప్పు పత్రాల మీద, భూమి కాగితాల మీద మన అమ్మలు వేసిన వేలిముద్రలు ఎన్ని!

మా వైపు ఈ ప్రశ్న వేరే బల్ల మీదికి వస్తుంది. మొగుణ్ణి వదిలి పుట్టింటికొచ్చిన ఆడది పన్ను కట్టేంత సంపాదించదు. ఆమె పేరు ఇంకా అత్తగారింటి బియ్యం కార్డులోనే ఉంటుంది. ఒంటరి మహిళ పింఛను 2024 జూలై నుంచి నాలుగు వేలయింది. అది కావాలంటే ఒంటరినని నిరూపించుకోవాలి. అక్కడ కప్పూ కాదు, మనసూ కాదు, ఇరుగుపొరుగు నోటిమాట. 'అప్పుడప్పుడూ వచ్చిపోతాంటాడు' అని ఎవరో ఒకరన్నా చాలు. తెలంగాణలో విడాకుల పత్రాన్ని ఇడుపు కాయితం అంటారు. మా ఊరి పేరుకు దానితో చుట్టరికం ఉందని నేననను గానీ, ఆ మాట విన్నప్పుడల్లా అలాంటి కాయితం ఒకటి ఈ ఆడవాళ్ల చేతిలో ఉంటే బాగుండునని అనిపిస్తుంది. విడిపోవడం ఎప్పుడు జరిగిందో చెప్పే హక్కు విడిపోయినదానికి తప్ప అందరికీ ఉంది.

ఏప్రిల్ 15కు రెండు రోజుల ముందు మా పిల్ల విడిగానే దాఖలు చేసింది. డేకేర్ రాయితీ పోయింది. ప్రొద్దుటూరు నుంచి ఫోన్లు ఇంకా వస్తూనే ఉన్నాయి.