మార్చుకోగలిగేది నాది కాదా?

1981లో న్యూయార్క్‌లోని ఫెడరల్ కోర్టు ఇచ్చిన ఒక తీర్పు నన్ను చాలాకాలంగా వదలడం లేదు. రెనీ రోజర్స్ నల్లజాతి మహిళ, అమెరికన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగి. మాడుకు అంటిపెట్టుకునేలా వరసలు వరసలుగా అల్లిన సన్నజడలతో పనికి వచ్చింది. నిబంధనలు ఒప్పుకోవంది సంస్థ. ఆమె దావా వేసి ఓడిపోయింది. ఒంటి రంగు మార్చుకోలేనిది కనుక దానికి రక్షణ ఉంది, సహజంగా గుబురుగా పెరిగే ఆఫ్రో జుట్టుకూ ఉండొచ్చు, జడ మాత్రం అల్లుకుంటే వచ్చేది, విప్పితే పోయేది అన్నది కోర్టు తర్కం. 2016లో అలబామాకు చెందిన చాస్టిటీ జోన్స్ కేసులోనూ అప్పీళ్ళ కోర్టు ఇదే మాట పట్టుకుంది. పాయలు పాయలుగా పెనవేసుకున్న తన డ్రెడ్‌లాక్స్ తీసేయనన్నందుకు చేతికొచ్చిన ఉద్యోగం ఆమెకు పోయింది. 2018లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికే ఒప్పుకోలేదు.

అన్యాయం జరిగిందనడంలో నాకు అనుమానం లేదు. నన్ను నలిపేది ఆ తర్కం. మార్చుకోలేనిదే మనిషి అట, మార్చుకోగలిగేది పైపూత అట. మరి మతం మార్చుకోగలిగేదే కదా, దాన్ని అదే చట్టం ఎందుకు కాపాడుతోంది? చదువు, నడవడిక, మాటతీరు, కష్టపడి సంపాదించుకున్న ధైర్యం, ఇవేవీ నాతో పుట్టలేదు. ఎదుగుదల అంటేనే మార్పు. పుట్టుకతో వచ్చినదాన్నే నేను అనుకుంటే, ఎదిగినదంతా ఎవరిది?

మన దగ్గరా దీనికి జవాబు సిద్ధంగా ఉంది. రూపంలో ఏముంది, లోపల ఉన్నదే నిజం అంటాం. ఈ మాట నాకు కోపం తెప్పిస్తుంది. తన రూపం ఎక్కడా ప్రశ్నకు గురికాని మనిషే ఈ మాట హాయిగా అనగలడు. పెళ్ళిచూపుల్లో రంగు ఆరా తీసే ఇళ్ళల్లోనే ఆత్మకు రంగులేదని ప్రవచనాలు వింటాం. రూపం చూసి తలుపు మూసేవాళ్ళు, ఆ మూసిన తలుపు ముందు నిలబడ్డ మనిషికి రూపం మిథ్య అని బోధించడం కన్నా క్రూరత్వం లేదు.

అట్లాంటాలో నేను పనిచేసిన చోట మా మేనేజరు నల్లజాతి మహిళ. మామూలు రోజుల్లో సన్నజడలు. క్లయింట్లు వచ్చే వారంలో మాత్రం భుజాల మీదికి జారే నిటారు జుట్టు. అలాంటి ఒక వారంలో, మధ్యాహ్నం భోజనాల దగ్గర మీ ఊరేది అని అడిగింది. తిరుపతి దగ్గర అన్నాను. ఆమెకు ఆ పేరు తెలుసు. తన తలకు కుట్టించుకున్న జుట్టు పాయను వేళ్ళ మధ్యకు తీసుకుని, "ఇది మీ గుడిదే కావచ్చు" అంది.

నాకు నోట మాట రాలేదు. మా అమ్మమ్మ కల్యాణకట్టలో తలవంచి కూర్చోవడం గుర్తొచ్చింది. అహం పోవాలని ఇస్తారు తలనీలాలు. దేవస్థానం వాటిని వేలం వేస్తుంది. పొడుగువి విగ్గులై, అతుకు జుట్టై సముద్రాలు దాటతాయి. ఒక ఆడమనిషి వద్దని వదులుకున్నది ఇంకొక ఆడమనిషి తల మీదికి చేరుతోంది. అది లేకపోతే క్లయింట్లు కూర్చున్న గదిలో తన మాటకు బరువు ఉండదేమో అన్న భయమూ దానితోపాటే చేరుతోంది.

భయమేనా? నేను అదే అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. చిన్నప్పుడు శనివారం రాత్రిళ్ళు, మర్నాడు చర్చికని, వంటింట్లో వాళ్ళమ్మ పొయ్యి మీద కాల్చిన ఇనప దువ్వెనతో జుట్టు సాపు చేసేదని చెప్పింది. చెవి కాలుతుందేమోనని మడిచి పట్టుకునేదట. ఆ తర్వాత మాడు మండించే రసాయనాలు. ఆ తర్వాత జడల కోసం సెలూన్ కుర్చీలో గంటలకు గంటలు. "జడలూ ఇష్టమే, ఇదీ ఇష్టమే. కానీ ఇది నా ఇష్టమా, అలవాటా అంటే ఇప్పుడు నేను విడదీయలేను" అంది.

ఆ మాట దగ్గరే నా ఆలోచన ఆగిపోయింది. సహజమైన జుట్టే సత్యం, సాపు చేసింది అబద్ధం అనేద్దామంటే, మిషెల్ ఒబామా వైట్ హౌస్‌లో గడిపిన ఎనిమిదేళ్ళూ అబద్ధమనాలి. అప్పట్లో జడలకు దేశం సిద్ధంగా లేదనిపించి నిటారు జుట్టుతోనే ఉన్నానని ఆమే 2022లో చెప్పింది. అదే ఏడాది కెటాంజీ బ్రౌన్ జాక్సన్ సన్నని లాక్స్‌తో సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయింది. ఒకరు లొంగారు, ఒకరు నిలిచారు అని తీర్పు చెప్పే హక్కు నాకు లేదు. సహజంగానే ఉండి తీరాలన్నా అదీ ఇంకో యూనిఫామే అవుతుంది.

ఇంతకాలానికి నాకు తోచింది ఇది. రెండు దారులకూ ఖరీదు సమానమైనప్పుడే ఇష్టమనేది బయటపడుతుంది. ఒక జుట్టుకు ఉద్యోగం, ఇంకో జుట్టుకు తిరస్కారం దక్కే చోట, తనకు ఏది ఇష్టమో ఆ మనిషికి కూడా తెలిసే వీలుండదు. వివక్ష జీతాన్నీ పదవినీ లాక్కుంటుందని తెలుసు. తన మనసు తనకు తెలిసే అవకాశాన్ని కూడా లాక్కుంటుందని మా మేనేజరు మాట విన్నాకే అర్థమైంది. ఆమె ఎదుగుదలకు అడ్డం ఆమె తల మీద లేదు. ఆమెను చూసేవాళ్ళ కళ్ళల్లో ఉంది. మారాల్సింది, మారగలిగేది, ఆ చూపే.

జుట్టు తీరును బట్టి వివక్ష చూపకూడదని 2019లో కాలిఫోర్నియా మొదటగా క్రౌన్ చట్టం తెచ్చింది. ఎన్నో రాష్ట్రాలు ఆ దారి పట్టాయి. దేశమంతటికీ వర్తించే బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభ దాటింది గానీ, సెనేట్‌లో ఆగిపోయింది. అమెరికాలో ఇవాళ ఇంటర్వ్యూ బల్లకు ఇవతలి వైపు కూర్చునే తెలుగువాళ్ళు చాలామంది ఉన్నారు. ఎదుట కూర్చున్న నల్లజాతి అమ్మాయి జడలతో వచ్చినా, నిటారు జుట్టుతో వచ్చినా, గుండుతో వచ్చినా మీరు వేసే మార్కులు మారకూడదు. అందుకు చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు.